కాణిపాకం దాకా పోయిన ఈల

వారంటీ అయిపోయిన మరుసటి నెలలోనే మా కారు ఈల వేయడం మొదలుపెట్టింది. గడువు తీరిందని ఈ వస్తువులకు ఎవరు చెబుతారో నాకు ఇప్పటికీ తెలియదు. మిక్సీ అయినా, ఫ్రిజ్ అయినా, కారయినా ఆ రోజు దాకా కొత్తకోడలిలా బుద్ధిగా ఉంటాయి. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కాపురం.

ఆ సాయంత్రం మేమిద్దరం తిరుపతి నుంచి మా ఊరు ఐరాలకు వస్తున్నాం. చంద్రగిరి దాటాక రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కే చోట మా ఆయన యాక్సిలరేటర్ తొక్కగానే ముందు వైపు నుంచి సన్నగా ఒక కూత లేచింది. బండి వేగం పెరిగే కొద్దీ అదీ పెరిగింది. కాలు తీయగానే తగ్గింది. ఎవరో పళ్ళ సందున ఈల వేస్తున్నట్టు ఉంది. ఏంది బావా ఆ సౌండు అని అడిగాను. ఏం సౌండు అన్నాడు. ఇదే, ఇప్పుడు వస్తా ఉండాదే, అది అన్నాను. గాలి అన్నాడు, రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. పిల్లలకు పెళ్ళిళ్ళయినా నేను ఇంకా బావా అనే పిలుస్తాను, ఆయన నన్ను మే అనే పిలుస్తాడు. వయసులో ఉన్నప్పుడు చిత్తూరు మండీ నుంచి బెల్లం లోడ్లు వేసుకుని లారీ తోలుకుంటూ ఎక్కడెక్కడికో పోయేవాడు. నడుము పట్టేశాక లారీ వదిలి ఈ ఏడు సీట్ల డీజిల్ కారు కొనుక్కుని, భక్తులను కాణిపాకానికీ, తిరుపతికీ, కొండ మీదికీ తిప్పుతున్నాడు. బండి చప్పుడు విని జబ్బు చెప్పడంలో ఆయనకు పెద్ద పేరు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగితే తోటి డ్రైవర్లు వచ్చి, అన్నా, మా బండిని ఒకసారి చూడన్నా అని పిలుచుకుపోయేవారట. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడట. అలాంటి మనిషికి వినపడని శబ్దం నాకు వినపడిందంటే ఎవరు నమ్ముతారు? మొదటి రోజు నేనే నమ్మలేదు.

కానీ నావీ మామూలు చెవులు కావు. ఉద్యోగమంతా చుట్టుపక్కల పల్లెల బడుల్లోనే చేశాను. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూనే, వెనక వరుసలో గుసగుసలాడే పిల్లవాణ్ణి పేరు పెట్టి లేపినదాన్ని. రెండో రోజూ విన్నాను, మూడో రోజూ విన్నాను. పక్కింట్లో ట్యాక్సీ తోలే ఆయనను పిలిచి, ఇట్లా ఇట్లా అని చెప్పాను. అతను మా కారు స్టార్ట్ చేసి, రెండుమూడుసార్లు యాక్సిలరేటర్ తొక్కి విని, తల పంకించాడు.

అది టర్బో చప్పుడట. ఇంజనులోకి గాలిని బలంగా నెట్టడానికి లోపల ఒక చిన్న చక్రం ఉంటుందట. అది తిరిగే వేగం మన లెక్కలకు అందదట. దాని ఇరుసు అరిగితే ఇట్లా ఈల వేస్తుందట. పట్టించుకోకుండా తోలితే ఒక రోజు చక్రం పగిలి, ఆయిలంతా ఇంజనులోకి పోయి, బండి ఎక్కడుంటే అక్కడ చస్తుందట. "కొండ మింద మనుషులతో ఉన్నెప్పుడు అట్ల అయితే సెప్పలేమక్కా. అన్నను తొందరగా సూపించమను," అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆయన భక్తులను ఎక్కించుకుని కొండకు బయలుదేరితే చాలు, ఘాట్ రోడ్డులో ఒక్కో మలుపూ నా కళ్ళ ముందు తిరిగేది. కిందికి దిగినాను అని ఫోన్ చేసే దాకా అన్నం ముద్ద దిగేది కాదు. ఇంత భయం పెట్టుకుని కూడా ఆయనతో మెత్తగా మాట్లాడటం నాకు చేతకాలేదు. నా నోరు అట్లాంటిది. పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి పడక దాకా అదే పాట. షెడ్డుకు తీసుకుపో, షెడ్డుకు తీసుకుపో.

ఆయన మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాడు. ఒకరోజు గాలి అన్నాడు, ఒకరోజు టైర్లు అన్నాడు, ఇంకోరోజు నీకు ఊరికే అనుమానం అన్నాడు. నేను కారెక్కితే పాటలు గట్టిగా పెట్టేవాడు. ఇంట్లో టీవీ కూడా వీధి మొత్తానికి వినిపించేట్టు పెట్టేవాడు. నా మాట చెవిన పడకూడదనే ఇదంతా చేస్తున్నాడనుకుని ఇంకా మండిపోయేదాన్ని. వారంటీ లేదు కదా, చేతి నుంచి పెట్టాలి కదా, అందుకే ఈ మొండితనం అని నా లెక్క. పిసినారితనానికి ఇంత నాటకమా అని మా చెల్లెలితో ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను కూడా.

ఒక మధ్యాహ్నం సంగటి వడ్డించి, వేరుశనగల ఊరిబిండి వేసి, పక్కన కూర్చుని మళ్ళీ అదే మొదలుపెట్టాను. ఆయన ముద్ద చేసుకుంటూ ఉన్నాడు. ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. నాకు తిక్క రేగింది. "సెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది నా బతుకు," అన్నాను.

ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. తల ఎత్తి నా వైపు చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అట్లా చూడటం నేనెరగను. చెయ్యి కడుక్కుని లేచి, "సౌండు లేదంటే లేదు. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం సేస్తా," అన్నాడు.

మా వైపు ఈ మాట అనని మనిషి ఉండడు. గోళీలాటలో తొండి చేసిన పిల్లవాడి దగ్గర నుంచి, పొలం గట్టు జరిపిన పెద్దమనిషి దాకా, కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అంటే చేస్తా అంటారు. అక్కడి వినాయకుడి ముందు అబద్ధమాడితే ఊరికే పోదని మాకు పాలతో పాటు పట్టిన నమ్మకం. అందుకే అనేవాళ్ళు వందమంది, పోయేవాళ్ళు ఒకరో ఇద్దరో. పోయినవాళ్ళు కూడా భూమి తగాదాకో, దొంగతనానికో పోతారు గానీ కారు చప్పుడుకు ఎవరూ పోరు. నేను పోయాను. సరే పద, రేపు పొద్దున్నే పోదాం, నువ్వు లేదని చెయ్యి, నేను ఉండాదని చేస్తా అన్నాను. అన్నాక వెనక్కి తగ్గే వంశం కాదు మాది. ఆయనదీ అదే వంశమాయె.

మర్నాడు తలస్నానాలు చేసి బయలుదేరాం. పోయింది కూడా ఆ కారులోనే. దారి పొడుగునా అది ఈల వేస్తూనే ఉంది. అది కూసినప్పుడల్లా నేను మాట్లాడకుండా చూపుడు వేలు పైకెత్తాను. ఆయన చూసీ చూడనట్టు తోలాడు.

దేవస్థానం పద్ధతి ప్రకారం చేసే ప్రమాణం వేరే ఉంటుంది. మొగుడూ పెళ్ళాల మధ్య అదంతా దేనికి, స్వామి ఎదురుగా నిలబడి నోటితో అంటే చాలు అనుకున్నాం. గరికమాల కొనుక్కుని వరుసలో నిలబడ్డాం. మా ముందు తడి పంచెలతో ఇద్దరు మగవాళ్ళు ఉన్నారు. ముఖాలు చూస్తే అన్నదమ్ములనీ, ప్రమాణానికే వచ్చారనీ తెలిసిపోతోంది. ఒకరి వైపు ఒకరు చూసుకోవడం లేదు. వాళ్ళను చూశాక నా కోపం కొంచెం చల్లారింది. ఏం పని ఇది, పోదాం పద అందామనుకున్నాను. అనలేదు. వరుస కదిలింది.

గర్భగుడి ముందుకు వచ్చాక నేనే ముందు చేతులు జోడించాను. మా కారులో ఈల చప్పుడు వస్తోంది స్వామీ, నేను అబద్ధం చెప్పడం లేదు అన్నాను. సిగ్గుగా కూడా ఉంది. పక్కనున్నావిడ నన్ను ఎగాదిగా చూసింది. ఇక ఆయన వంతు. చేతులు జోడించాడు, పెదవులు కదిపాడు, ఆగిపోయాడు. వెనకనుంచి జరగండి, జరగండి అంటున్నారు. ఆయన కదల్లేదు. గొంతు తగ్గించి, నాకూ ఆ స్వామికీ తప్ప ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"సామీ, సౌండు లేదని నేను సెప్పలేను. నాకు ఇనపళ్ళేదని మాత్రం సెప్పగలను."

నాకు వెంటనే అర్థం కాలేదు. తప్పించుకోవడానికి ఏదో తిరకాసు మాట అన్నాడనుకున్నాను. బయటికి వచ్చి ఆయన ముఖం చూశాక అర్థమయింది. చెప్పుల స్టాండు పక్కన అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాడు. చానా దినాలుగా ఇట్లాగే ఉందట. లావు గొంతులు వినపడతాయట, సన్నవి వినపడవట. జేబులో ఫోను మోగితే తెలియదట. పాపాయి, అంటే మా మనవరాలు, ఫోన్లో మాట్లాడితే నవ్వు మాత్రమే తెలుస్తుందట, మాట తెలియదట. టీవీ అందుకే గట్టిగా పెట్టుకునేవాడు. కారు ఈల వేస్తోందని నేను మొదటిసారి చెప్పిన రోజే, ఎవరూ లేనప్పుడు బానెట్ తెరిచి, చెవి ఇంజను దగ్గరగా పెట్టి చాలాసేపు విన్నాడట. ఏమీ వినపడలేదట. వినపడకపోయేసరికి భయం వేసిందట.

ఏంటికి సెప్పలేదు నాకు అని అడిగాను.

"సెప్తే ఏమైతాది? డ్రైవరుకు సెవులు పోయినాయంటే ఎవురెక్కతారు మే నా బండి? ఎనకాల హారన్ గూడా ఒగోసారి తెలీదు. అద్దం సూసుకుంటానే పోతాండా." కారు తాళం వేళ్ళ మధ్య తిప్పుతూ, "నువ్వు గూడా ఎక్కవనుకున్నా," అన్నాడు.

కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇన్ని రోజులూ ఆ చెవులతోనే కొండెక్కి దిగాడు. ఆ వెంటనే నిన్న సంగటి ముందు నేనన్న సామెత గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. చుట్టూ జనం. కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ సామెత గురించి ఆయన ఆ రోజూ ఏమీ అనలేదు, ఇప్పటికీ అనలేదు.

"నీ బండి గాక ఇంకెవురి బండెక్కతా నేను?" అన్నాను చివరికి. "పక్కన కూర్సునేది నేనే గదా. నాకు ఇనపడతాది. సాలదా?"

ఆ రోజు గిరాకీ ఉంటే ఫోన్ చేసి, వేరే బండి చూసుకోమని చెప్పించాను. గుడి దగ్గర ఇడ్లీ తిని, ఇంటికి పోకుండా అటునుంచి అటే తిరుపతికి పోయాం. ఆయన తోలుతుంటే వెనక ఏ హారన్ మోగినా నేను చెబుతూ వచ్చాను. బస్సు వస్తా ఉండాది, బైకు వస్తా ఉండాది అని. మొదట కొంచెం బిడియపడ్డాడు. పాకాల దాటేసరికి ఇద్దరికీ అలవాటైపోయింది.

రేణిగుంట రోడ్డులో ఆయనకు తెలిసిన షెడ్డు ఉంది. మెకానిక్ మా ఈడువాడే. చప్పుడు ఎట్లా వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని మా ఆయననే అడిగాడు. బండి విషయంలో తన తరఫున ఇంకొకరు మాట్లాడితే ఒప్పుకోని మనిషి, నా వైపు చెయ్యి చూపించాడు. "ఆమెనడుగబ్బా. నాకు సెవులు సరిగ్గా పన్జెయ్యడంలే. ఆమెకు ఇనపడతాది," అన్నాడు.

అంత మామూలుగా అనేశాడు. ఇన్నాళ్ళు దాచిపెట్టిన మాట అది. మెకానిక్ నా వైపు తిరిగాడు. ఎత్తు ఎక్కేటప్పుడు వస్తుంది, కాలు తీసినా వెంటనే ఆగదు, సన్నగా సాగి ఆగుతుంది అని చెప్పాను. ఎట్లా సాగుతుందన్నాడు. నోటితో చెప్పలేక, పెదవులు బిగించి ఈల వేసి చూపించాను. రిటైరైన హెడ్‌మాస్టరమ్మ షెడ్డు నడిమధ్యన ఈల వేస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పక్క బండి కింద పడుకుని పనిచేస్తున్నాయన తల బయటికి పెట్టి చూశాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

ముందు గాలి గొట్టాలు చూశారు. ఏదైనా గొట్టం చిట్లి ఉంటే పని తేలిగ్గా తేలిపోయేది. గొట్టాలు బాగానే ఉన్నాయి. ఒక గొట్టం విప్పి లోపలి చక్రాన్ని వేళ్ళతో పట్టి కదిపాడు మెకానిక్. మా ఆయనను పిలిచి, నువ్వే చూడన్నా అన్నాడు. ఆయన రెండు వేళ్ళు లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని, అటూ ఇటూ కదిపాడు. కదలకూడని చక్రం కదులుతోంది. "పోయిండాది. ఇంగ కొన్ని దినాలు తోలింటే పగిలిపొయ్యేది," అన్నాడు.

షోరూంలో అయితే మొత్తం టర్బో మార్చాలంటారట. పైనున్న ఇనుప డొక్కు అట్లాగే ఉంచి లోపలి భాగం మాత్రం కొత్తది వేయించుకోవచ్చని మెకానిక్ అన్నాడు. ఆ భాగం గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆయిల్ ఎందుకు సరిగ్గా అందలేదు, ఏ గొట్టం శుభ్రం చేయాలి, అన్నీ మా ఆయనే అడిగాడు, ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. చెవులు పోయినా ఆయన చేతులకు ఏమీ కాలేదని తెలిసి నా ప్రాణం కుదుటపడింది.

సామాను వచ్చేలోపు ఖాళీగా కూర్చోవడం దేనికని, ఆయనను ఆటోలో చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఒకే దినం బండినీ నన్నూ ఇద్దరినీ షెడ్డులో పెట్టినావు గదే అన్నాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, లారీ ఇంజను పక్కన అన్నేళ్ళు కూర్చున్న చెవులు ఇట్లాగే అవుతాయంది. పోయిన వినికిడి తిరిగి రాదు, మిషను పెట్టుకుంటే మాటలూ హారన్లూ చాలావరకు తెలుస్తాయి, సన్నటి చప్పుళ్ళు మాత్రం చెప్పలేం అంది. మిషనుకు కొలతలు తీసుకున్నారు. అది చెవికి ఎక్కేదాకా కొండ గిరాకీ వద్దని ఆయనే అన్నాడు, నేను అడగకముందే.

సాయంత్రానికి బండి సిద్ధమైంది. మెకానిక్‌ను కూడా ఎక్కించుకుని కరకంబాడి రోడ్డులో ఒక చుట్టు తిరిగాం. బాగుందన్నాడతను. మా ఆయన అద్దంలో నా వైపు చూశాడు. ఇంకా ఎక్కడో బుస్సుమంటోంది అన్నాను. దిగి చూస్తే ఒక గొట్టం బిగింపు సరిగా పడలేదు. బిగించాక మళ్ళీ తిరిగాం. ఈసారి నాకు ఏమీ వినపడలేదు. లేదు బావా, పోయింది అన్నాను. నా మాట మీదే డబ్బిచ్చి బయలుదేరాడు.

ఐరాల ఇంకా కొంచెం దూరం ఉందనగా, చెరుకు తోటల పక్కన బండి ఆపాడు. ఇంతదూరం తోలాక ఆయిల్ ఎక్కడైనా కారుతోందేమో చూడాలన్నాడు. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, సెల్‌ఫోన్ లైటు వేసి, గుడ్డతో తుడుస్తూ వంగి చూస్తున్నాడు. పొద్దు గూకుతోంది. నేను దిగి ఆయన పక్కన నిలబడ్డాను.

"యాడన్నా ఏమన్నా ఇనపడతాందా?" అని అడిగాడు, ఆయిల్ చుక్కలు పడే చప్పుడు ఏమైనా ఉందేమోనని.

"బండిలో ఏం ల్యా. కీచురాళ్ళు అరస్తాండాయి, అంతే," అన్నాను.

ఆయన నడుము ఎత్తి నిలబడ్డాడు. "కీచురాళ్ళా? యాడ?"

"ఈడే గదా, సెరుకు తోటలో. సెవులు సిల్లులు పడేట్టుగా అరస్తాండాయి."

ఆయన తోట వైపు తిరిగాడు. చేతిలో గుడ్డ అట్లాగే ఉంది.

"మందులు కొట్టి కొట్టి అన్నీ సచ్చిపోయినాయనుకున్నా మే," అన్నాడు. "పాపం అనుకున్నా."

ఆయన ముఖంలో దిగులు కోసం వెతికాను, అది లేదు. చచ్చిపోయిందనుకున్న దగ్గరివాడెవడో క్షేమంగా ఉన్నాడని కబురు అందినవాడిలా ఉన్నాడు. మళ్ళీ నన్నే అడిగాడు, చానా ఉండాయా అని.

"చానా ఉండాయి బావా," అన్నాను. "తోటంతా అవే."

"బతికే ఉండాయి, మంచిదే," అన్నాడు. అట్లాగే తోట వైపు చూస్తూ నిలబడ్డాడు. అవి అరుస్తూనే ఉన్నాయి.